ఆర్మూర్ దగ్గర రెండు పైపుల పంచాయితీ

ఆర్మూర్ వెళ్లొచ్చానని చెబితే మా కాకినాడలో అందరూ అడిగిన మాట ఒకటే: "అక్కడ మనవాళ్లెవరున్నారు?" ఎవరూ లేరు. లేరు కాబట్టే నన్ను పిలిచారు.

సంగతి ఇది. ఆర్మూర్‌కి ఆరు కిలోమీటర్ల అవతల, బాల్కొండ పోయే రోడ్డు పక్కన ఒక ఊరుంది. కాలువ గట్టున ఆ ఊరి పంపు హౌసు. దానిలోంచి రెండు పైపులు బయటికొస్తాయి. ఒకటి గుట్ట కింది పొలాలకు, రెండోది రోడ్డు వెంట పొలాలకు. రెండూ ఒకే లావు. అయినా రెండేళ్లుగా రోడ్డు పైపు చివరి రైతులకు నీళ్లు చాలడం లేదు. పంపు నడిపే పోశెట్టి తన చుట్టాలున్న గుట్ట వైపుకే ఎక్కువ వదులుతున్నాడని ఊళ్లో మాట పుట్టింది.

పోశెట్టి తమ్ముడు సాయిలు ఏడేళ్లు మస్కట్‌లో, ఒక నీళ్ల ప్లాంటులో పైపుల పని చేశాడు. అక్కణ్ణుంచి వచ్చేవాళ్లు టేప్ రికార్డర్లూ కంబళ్లూ తెచ్చుకుంటారు. సాయిలు మాత్రం అన్న మీద నింద సంగతి ఉత్తరంలో చదివి, పైపులో నీళ్ల ప్రవాహం కొలిచే పాత యంత్రం ఒకటి కొని తెచ్చాడు. గ్రామ కమిటీ దాన్ని చూసి ఒక్క మాట చెప్పింది: నిందపడినవాడి తమ్ముడు బిగిస్తే ఆ లెక్క మేం నమ్మం, పరాయి మనిషి వచ్చి బిగించాలి. మస్కట్‌లో సాయిలుకు పై ఇంజనీరు మా తమ్ముడి కొడుకు. వాడు నా పేరు చెప్పాడు. మిల్లుల మీటర్లు బాగుచేసే మా షెడ్డులో ముప్పైఒక్కేళ్లు కొలతలు సరిచూసినదాన్ని. అప్పటికి నాకు అరవై నాలుగు.

కమిటీ గడువు 1993 ఫిబ్రవరి 11, గురువారం. ఆ రోజు రోడ్డు పైపు నీళ్లు తక్కువని తేలితే పోశెట్టి పని పోతుంది. పనితో పాటు పేరూ పోతుంది.

ఇందల్వాయి దాటాక

సోమవారం మధ్యాహ్నం బస్సు ఇందల్వాయి దాటుతుండగా నా చేతిసంచిలోని గ్రీజు డబ్బా మూత ఊడింది. ఆ యంత్రం సెన్సార్లకూ పైపుకూ మధ్య గాలి లేకుండా పూసే గ్రీజు అది. చీర కుచ్చిళ్ల మీద అరచేయంత మరక. పక్క సీటులో యాభై ఏళ్ల మనిషి, ఒళ్లో చిన్న సంచీ పెట్టుకుని కూర్చున్నది, వంగి చూసింది.

"అక్కా, నెయ్యి పోతున్నది."

"నెయ్యి కాదమ్మా, గ్రీజు."

"గ్రీజా? లారీ గిట్ల ఉన్నదా నీకు?"

బస్సులో నలుగురు నవ్వారు. నేనూ నవ్వాను. మా వైపు కొత్త మనిషిని 'ఏమండీ' అంటారు. ఇక్కడ ఎంత పెద్దవాళ్లనైనా 'నువ్వు' అనే పిలుస్తారు. మొదటి అరగంట నాకు చివుక్కుమంది. ఆర్మూర్ చేరేసరికి ఆ 'నువ్వు'లో చుట్టరికమే వినబడింది.

ఆమె పేరు నర్సవ్వ. ఎక్కడికి, ఎందుకు అని అడిగింది, చెప్పాను. ఒక్కసారిగా మొహం మారింది. ఆమెది రోడ్డు పైపు చిట్టచివరి చేను.

"మంచిగ కొలువు అక్కా. గా పోశెట్టి మా నీళ్లు గుట్టకు మళ్లిస్తున్నడు. మిషన్ పెడితే దొంగ దొరుకుతడు."

"దొంగో కాదో కొలిచాక చెబుతాను," అన్నాను.

పసుపు మార్కెట్

ఆర్మూర్‌లో బస్సు దిగగానే తుమ్మాను. వరుసగా పదకొండు తుమ్ములు. పసుపు పంట వచ్చే రోజులవి. మార్కెట్ యార్డులో మనిషెత్తు కుప్పలు, వాటి మధ్య దారులు. హమాలీల పాదాలు, కాటా పళ్లేలు, ఆవుల మూతులు, టీ కొట్టు బల్ల అన్నీ పసుపే. రూపాయి టీలో కూడా ఆ వాసనుంది. ఊరి వెనక రాళ్లు పేర్చినట్టున్న నల్లగుట్ట ఒక్కటే రంగు మారకుండా నిలబడింది.

మా ఇళ్లల్లో పసుపు పొట్లంలో వస్తుంది. దాన్ని తవ్వి, కడాయిల్లో ఉడకబెట్టి, పదిహేను రోజులు ఎండబెట్టి, డ్రమ్ముల్లో తిప్పి నునుపు చేస్తారని నాకు అరవై నాలుగో ఏట తెలిసింది. నర్సవ్వ ఒక కుప్ప దగ్గరికి తీసుకుపోయి రెండు కొమ్ములు చేతిలో పెట్టింది. ఒకటి బొటనవేలంత, రెండోది చిటికెన వేలంత.

"లావుది గుట్ట కిందిది. గీ సన్నది నాది. ఇత్తనం ఒక్కటే, ఎరువు ఒక్కటే. నీళ్లే తక్కువ."

నేను స్కేలు తీసి రెండూ కొలిచాను. ఇరవై ఒక్క మిల్లీమీటర్లు, పదమూడు మిల్లీమీటర్లు. నర్సవ్వ నా వైపు కొత్తగా చూసింది. ఆమె అబద్ధం చెప్పలేదని తెలిసిపోయింది నాకు. ఆ రోజు నుంచే నా మనసులో రెండు బరువులు: పోశెట్టిది ఒకటి, ఈమెది ఒకటి.

లాడ్జిలో గది తీసుకున్నాను. లెక్క తేలేదాకా ఆ ఊళ్లో ఎవరింటా తినకూడదని ముందే నిశ్చయించుకున్నాను.

చక్రాలు లేని పంపు హౌసు

మంగళవారం పొద్దున ఏడింటికి ఊరు చేరాను. కమిటీ పెద్ద ముత్తెన్న ఎదురొచ్చాడు. అరవై దాటిన రైతు, భుజాన తువ్వాల, పెద్ద గొంతు. పోశెట్టి మీద ఫిర్యాదు నడిపిస్తున్నది ఆయనే, ఎందుకంటే ఆయన చేనూ రోడ్డు పైపు మీదే, సగానికి కాస్త ఇవతల.

"చాయ్ తాగుదువు రా అమ్మా."

"లెక్క తేలాక తాగుతాను."

"నా చాయ్‌ల విషం గిట్ల కలుపుతననుకున్నవా?"

"మీ ఇంట తాగితే వాళ్లకు అనుమానం, వాళ్లింట తాగితే మీకు అనుమానం."

ఆయన గట్టిగా నవ్వి, "గట్లనే ఉండాలె మనిషంటే," అన్నాడు.

పంపు హౌసులో రెండు వాల్వుల మీదా తిప్పే చక్రాలు లేవు. ఆదివారమే కమిటీ చెప్పకుండా వచ్చి, రెండు వాల్వులూ పోశెట్టి రోజూ ఉంచే తీరులోనే ఉండగా, అతను మళ్లీ ముట్టుకోకుండా చక్రాలు ఊడదీసి ముత్తెన్న ఇంట్లో పెట్టింది. పోశెట్టి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సన్నటి మనిషి. పద్దెనిమిదేళ్లుగా ఆ చక్రాలు తిప్పిన అరచేతుల్లో కాయలు కట్టి ఉన్నాయి. నాతో ఒక్క మాటే అన్నాడు.

"నేను ఎన్నడు తక్కువ తిప్పలే అమ్మా. మిషన్ ఏం చెప్తదో నాకు తెల్వది."

మూడు ఫేజుల కరెంటు ఆ వారం పొద్దున ఆరింటి నుంచి పదింటి వరకు. ఆ నాలుగు గంటలే పంపు నడుస్తుంది.

ముత్తెన్న ఊట

పైపు దారి మొత్తం చూడాలన్నాను. రోడ్డు పైపు భూమిలో పదిహేను వందల మీటర్లు పోయి, నర్సవ్వ చేను దగ్గర పైకి లేస్తుంది. అడుగులతో కొలుస్తూ నడిచాను. ఆరు వందల మీటర్ల దగ్గర ముత్తెన్న నన్ను ఆపి తన చేలోకి తిప్పాడు.

"గిది చూడాలె నువ్వు. రెండేండ్ల కింద మా చేన్ల గంగమ్మ పుట్టింది."

నేలలోంచి నీళ్లు బుగబుగమంటూ పైకొస్తున్నాయి. చుట్టూ రాళ్లు పేర్చి, పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయలు కొట్టి ఉన్నాయి. ఆ నీళ్లతో అరెకరం వరి పచ్చగా ఊగుతోంది. చుట్టుపక్కల అంతా వీళ్లు మక్క అనే మొక్కజొన్న చేలు వాడిపోయి ఉంటే అక్కడొక్కటే పచ్చ. దోసిట్లో నీళ్లు తీసుకుని తాగాను, బాగున్నాయి.

"ఎప్పుడూ వస్తుందా?"

"గంగమ్మ ఇష్టం. వస్తది, పోతది. ఒక వారం పొద్దుగాల, ఒక వారం రాత్రి. గామెకు కూడ జర ఆరాం కావాలె గద."

గట్టు మీద కూర్చుని చివరిదాకా నడవడానికి ఊపిరి తీసుకున్నాను. చూస్తుండగానే నీళ్లు సన్నబడి ఆగిపోయాయి. అలవాటు కొద్దీ పుస్తకంలో రాసుకున్నాను: 'ఊట ఆగిన టైము 10.04.' దాని పైవరుసలో అప్పటికే ఇంకో మాట ఉంది: 'పంపు చప్పుడు ఆగింది 10.00.' రెండు వరుసలూ ఒకదాని కింద ఒకటి రాశాను గానీ కలిపి చదవలేదు. ఆ తెలివితక్కువతనం నాది, ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

నలభై ఆరు మీటర్ల కేబుల్

యంత్రం సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. ఒక్కో పైపుకు ఒక జత సెన్సార్లు, అరచేతిలో పట్టేంతవి. పైపును కొయ్యనక్కర్లేదు, బెల్టుతో పైన బిగిస్తే చాలు. ఒకటి మన చెవికి వినపడని చప్పుడు పంపుతుంది, రెండోది అందుకుంటుంది. నీళ్లు పోయే వైపు చప్పుడు తొందరగా చేరుతుంది, ఎదురు వచ్చేది ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడాను బట్టి నీళ్ల వేగం లెక్క కట్టి అంకెలు చూపించే పెట్టె ఇంకోటి ఉంటుంది. అది పైపు దగ్గరే ఉండాల్సిన పనిలేదు. దూరంగా పెడితే పంపు అదురూ తడీ తగలవు.

పెట్టె ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చర్చ అయింది. ముత్తెన్న కమిటీ గది అన్నాడు. సాయిలు పంపు హౌసు గోడ అన్నాడు. ఒక చోట కమిటీ తాళం, ఇంకో చోట పోశెట్టి తాళం. నేను రోడ్డు అవతల బీడీల కార్ఖానా వరండా చూపించాను. తలుపులు లేని వరండా. పాతిక మంది ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని పొద్దస్తమానం బీడీలు చుడుతుంటారు. వాళ్లలో పోశెట్టి భార్య రాజవ్వ ఉంది, రోడ్డు పైపు రైతుల ఇళ్లవాళ్లూ ఉన్నారు. పాతిక బీడీలకు ఒక కట్ట. చేతులు చుడుతూనే ఉంటాయి, లెక్క ఒక్కటి తప్పదు. ఇంతకంటే మంచి కాపలా ఎక్కడ దొరుకుతుంది?

"అంకెలు మేం సదువుతం, నీళ్లు మీరు తాగుండ్రి," అన్నారు వాళ్లు. అలా పెట్టె వరండా గోడకెక్కింది. కేబుల్ నలభై ఆరు మీటర్లు పట్టింది. మోటారు కరెంటు తీగతో కలిపి ఒకే గాడిలో వేయబోతే ఆపి, మీటరు ఎడంగా వేరే గాడి తవ్వించాను. కలిసి పోతే మోటారు గోల సెన్సారు మాటలో కలుస్తుంది.

పైపుల మీద చోటు నేనే గుర్తు పెట్టాను. పైపు పై కొలత నూట అరవై ఎనిమిది మిల్లీమీటర్లు. అదే పైపు మిగులు ముక్క ఒకటి బయట పడి ఉంటే దాని చివర మందం కొలిస్తే ఏడు పాయింటు ఒకటి. వాల్వు దాటాక నీళ్లు సుడి తిరుగుతాయి గనుక, పైపు లావుకు పదింతల దూరం, అంటే వెయ్యీ ఆరు వందల ఎనభై మిల్లీమీటర్లు వదిలి పెట్టాలి. గోడ నీడ ఉందని సాయిలు దగ్గరగా పెడదామన్నాడు. గొడుగు వేసుకో అన్నాను. పైపుకు నెత్తిన పెట్టకూడదు, గాలి బుడగలు చేరతాయి. అడుగున పెట్టకూడదు, మడ్డి చేరుతుంది. గడియారంలో మూడు, తొమ్మిది ఉండే పక్కల్లో పెట్టాలి. అక్కడ రంగూ తుప్పూ గీకించి, వెండిలా మెరిసేదాకా రుద్దించి సాయంత్రం ఊరు వదిలాను. చివరి చేను దగ్గర కూడా నడుము లోతు గుంత తవ్వి పైపు బయటపెట్టమని నర్సవ్వకు చెప్పాను. మొదట్లో ఎంత ఉందో, చివర్లోనూ అంత ఉందో లేదో చూడాలని.

సున్నా

బుధవారం పొద్దున ఊరంతా వరండా ముందే ఉంది. నేను పెట్టె దగ్గర కూర్చుని పైపు కొలతలు ఎక్కించాను. సెన్సార్లకు గ్రీజు పూసి బిగించే పని అటు సాయిలు చేశాడు. మస్కట్‌లో వందసార్లు చేసిన పని, పైగా కమిటీ మనుషులిద్దరు పక్కనే నిలబడి చూస్తున్నారు. అందుకే నేను పోలేదు.

ఆరూ పదికి పంపు మొదలైంది. పెట్టెలో రెండు పైపులకూ సున్నా.

ఎవరో అన్నారు: "నీళ్లు ధన్‌ధన్ పోతుంటే సున్నానా?"

ఇంకో గొంతు: "మస్కట్‌ల పారేసిన డబ్బా తెచ్చిండు."

ముత్తెన్న మాత్రం గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మా, మిషన్ ఖరాబైందా?"

కేబుల్ చివరలు విప్పి మళ్లీ బిగించాను. రెండు సెన్సార్ల మధ్య నూట ముప్పైరెండు మిల్లీమీటర్లు ఉండాలి, సాయిలును అక్కడ స్కేలు పెట్టి చూడమన్నాను, సరిగ్గా ఉందన్నాడు. కొలతలు చెరిపి మళ్లీ ఎక్కించాను. సున్నా. పదింటికి కరెంటు పోయింది. జనం విడిపోయారు. నర్సవ్వ వెళ్తూ నా వైపు చూడలేదు. రాజవ్వ చాటలో ఆకు పెట్టుకుని చుట్టడం మరిచి కూర్చుంది. మర్నాడే గడువు.

లెక్కలో తప్పు లేదని తేల్చుకున్నాక మిగిలింది చేత్తో ముట్టి చూడటమే. ఒక్కదాన్నే పైపుల దగ్గరికి పోయి గుట్ట పైపు బెల్టు విప్పాను. సెన్సారు ఊడి వచ్చింది. నా నాలుగు వేళ్లూ పచ్చగా అయ్యాయి.

గ్రీజు కింద పసుపు. ముద్దగా పూసి, ఎండి, నెర్రెలు విచ్చిన పసుపు, నడుమ కుంకుమ బొట్టు. ఆ నెర్రెల్లో గాలి. చప్పుడు గాలిని దాటి పైపులోకి పోలేదు, అంతే.

రాజవ్వ తడిగుడ్డ

సాయిలును పిలిచి అడిగాను. తల వంచుకున్నాడు.

"పొద్దుగాల వదిన వచ్చి పూసింది మేడమ్. పైపు బోసిగ కనబడుతున్నది, కొత్త పని బోసిగ మొదలుపెట్టొద్దని."

"మస్కట్‌లో అయితే ఏం చేసేవాడివి?"

"తుడిచేటోన్ని."

"మరి?"

"మా అన్న కోసం వదిన పెట్టిన పసుపు కుంకుమ. ఎట్ల తుడుస్త మేడమ్? దాని మీదనే గ్రీజు పూసిన. కమిటీ వాళ్లు కూడ చూసిండ్రు, మంచిదే అన్నరు."

కమిటీ మనుషులకు కూడా అది తప్పుగా తోచలేదు. పసుపుతో బతికే ఊరు, ఏ కొత్త వస్తువుకైనా మొదట పసుపే. మా వైపైనా పూజ చేస్తాం గానీ యంత్రం నెత్తిన ఒక బొట్టుతో సరిపెడతాం. వీళ్లకు చేయి నిండా పూస్తేనే తృప్తి.

నేను తుడిచేయవచ్చు. నిమిషం పని. కానీ నేను పదమూడేళ్ల కిందట భర్త పోయినదాన్ని. పోశెట్టి కోసం రాజవ్వ పెట్టిన పసుపు నా చేత్తో తుడిస్తే ఆమె మనసులో ఏం మిగులుతుందో నాకు తెలుసు. కార్ఖానాకు వెళ్లి ఆమెనే పిలుచుకొచ్చాను.

వేళ్లు చూపించాను. ఆమె ఏడవబోయింది. "నా చేతులతోనే ఖరాబు చేసిన్నా పెద్దమ్మా?"

"చెడిందేమీ లేదు. ఈ పసుపు ఉన్న చోటు మారాలి, అంతే. నువ్వే తియ్యి."

"తీసి పారబోయాల్నా?"

"పారబోయమని ఎవరన్నారు?"

ఆమె కొంగు తడిపి, నెమ్మదిగా, పసిపిల్లకు మొహం తుడిచినట్టు తుడిచింది. ఆ తడి పసుపంతా తీసుకెళ్లి పంపు హౌసు గడపకు పూసింది. నేను స్పిరిటుతో మిగతాది శుభ్రం చేసి, ఈసారి నా చేత్తోనే గ్రీజు పూసి బిగించాను. నాలుగు సెన్సార్లకు గంటా పది నిమిషాలు పట్టింది.

గురువారం పొద్దున

ముందు రోజు వచ్చినవాళ్లలో సగం మంది కూడా రాలేదు. ఆరూ ఐదుకు పంపు మొదలైంది. పెట్టెలో అంకెలు కాసేపు ఎగిరి, తడబడి, నిలబడ్డాయి. వరండాలో ఒకామె చాట పక్కన పెట్టి లేచి గట్టిగా చదివింది.

"గుట్ట పైపు ఇరవై ఎనిమిది! రోడ్డు పైపు ఇరవై ఏడు, పక్కన తొమ్మిది!"

సెకనుకు అన్ని లీటర్లు. తేడా చెప్పుకోదగ్గది కాదు. పావుగంటపాటు నిమిషానికోసారి రాశాను. మారలేదు. ముత్తెన్న పెట్టెకు మొహం ఆనించి రెండుసార్లు చదువుకున్నాడు.

"రెండు సమానమే పోతున్నయి."

పోశెట్టి మెట్టు మీద కూర్చుండిపోయాడు. అప్పుడు నర్సవ్వ ముందుకొచ్చింది. కోపంగా లేదు, ఏడుపు గొంతు. "సమానం పోతే నా చేన్లకు ఎందుకు వస్తలేవక్కా? నా పసుపు సన్నగ ఎందుకైంది?"

అది న్యాయమైన ప్రశ్న. పోశెట్టి బయటపడ్డాడు, ఆమె ఇంకా అక్కడే ఉంది. "గుంత తవ్వించావా?" అన్నాను. తవ్వించింది.

రోడ్డు పైపు సెన్సార్లు విప్పి, పెట్టె దించి, ట్రాక్టర్ ఎక్కాం. ఆ పెట్టె పన్నెండు వోల్టుల బ్యాటరీతోనూ నడుస్తుంది, ట్రాక్టర్ బ్యాటరీకి తగిలించాం. గుంతలోకి నేనే దిగాను. ఎక్కడానికి ఇద్దరు కావలసి వచ్చారు. గీకి, తుడిచి, కొలిచి బిగించేసరికి తొమ్మిది దాటింది. అంకె నిలిచింది: ఇరవై, పక్కన తొమ్మిది.

ఏడు లీటర్లు లేవు. సెకనుకు ఏడు. నాలుగు గంటలకు పద్నాలుగు వేల నాలుగు వందల సెకన్లు. ఏడుతో హెచ్చవేస్తే లక్షా ఎనిమిది వందల లీటర్లు. రోజూ అంత నీరు దారిలో ఎక్కడికి పోతుంది? పుస్తకం తిరగేశాను. మంగళవారం పేజీలో రెండు వరుసలు, ఒకదాని కింద ఒకటి. 10.00. 10.04.

చేతి గడియారం చూసుకున్నాను. తొమ్మిదీ ఇరవై ఆరు.

"ముత్తెన్న గారూ, మీ గంగమ్మ దగ్గరికి పోదాం పదండి."

జనమంతా వెంట వచ్చారు. ఊట బుగబుగమంటోంది. గట్టు మీద కూర్చుని గడియారం విప్పి అందరికీ కనబడేలా రాయి మీద పెట్టాను. "పదింటికి పంపు ఆగుతుంది. ఆ తర్వాత నాలుగు నిమిషాలకు ఈ ఊట ఆగుతుంది. ఆగకపోతే నేను కాకినాడ పోయి షెడ్డుకు తాళం వేస్తాను."

పదింటికి దూరాన పంపు చప్పుడు ఆగింది. ఒక నిమిషం. రెండు. నీళ్లు సన్నబడ్డాయి. మూడు. నాలుగో నిమిషంలో ఒక బుడగ వచ్చి పగిలి, ఊట ఆగింది.

ముందు నవ్వింది నర్సవ్వ. తర్వాత ఊరంతా. ముత్తెన్న మొహం చూసి నాకు భయమేసింది. ఆయన ఎండిన కొబ్బరి చిప్ప ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"అమ్మా, అయితే రెండేండ్ల సంది నేను కొబ్బరికాయలు పైపుకు కొట్టిన్నా?"

"పైపుకే కొట్టారు."

"ఎన్ని కొట్టిన్నో లెక్క లేదు."

"లెక్క నేనూ కట్టను," అన్నాను. అప్పుడు ఆయన కూడా నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ.

శుక్రవారం

ఊట చోట తవ్వితే రోడ్డు పైపులో రెండు ముక్కలు కలిసే అతుకు బయటపడింది. మధ్య రబ్బరు అరిగిపోయింది, ఎనిమిది బోల్టుల్లో మూడు ఊడిపోయాయి. పోశెట్టి గుంతలోకి దిగి కొత్త రబ్బరు వేసి ఎనిమిదీ బిగించాడు. మక్క చేలకు ఒక తడి అవసరమని అధికారులను అడిగి ఆ మధ్యాహ్నం గంటసేపు కరెంటు తెప్పించారు. చివరి గుంతలో అంకె ఇరవై ఏడు, పక్కన ఆరు. నర్సవ్వ చేలో నీళ్లు పైపు నోట్లోంచి మూర దూరం ఎగిరిపడ్డాయి. ఆమె చీర తడిసినా పక్కకు జరగలేదు. "పోశన్నా, నా నోరు మంచిది కాదు," అంది. ఆయన, "ఆకలైన నోరు గట్లనే ఉంటదవ్వా," అన్నాడు.

ఆ రోజు నేను రెండిళ్లలో భోంచేశాను. రాజవ్వ ఇంట జొన్నరొట్టె, పచ్చిపులుసు. మేం చారు కాచి మరిగిస్తాం, వీళ్లు చింతపండు పిసికి ఉల్లిపాయ, ఎండుమిరప వేసి పచ్చిగానే పోస్తారు. ఎండలో తిరిగివచ్చినవాళ్లకు అదే సరైనదని ఒప్పుకుంటాను. ముత్తెన్న ఇంట నాటుకోడి కూర. కారం నా కొలతకు రెండింతలు. ఆయన చాయ్ కూడా తాగాను, విషం లేదు.

సెన్సార్లు మళ్లీ వాటి చోట బిగించి, పెట్టె వరండా గోడకు ఎక్కించి, వాటిని విప్పి పెట్టడం సాయిలు చేత మూడుసార్లు చేయించాను. మూడోసారి గ్రీజు పూసేముందు వాడు తనంతట తనే వేలితో పైపు రుద్ది వేలు చూసుకున్నాడు. ఇక నా పని అయిపోయింది.

బస్సుకు బయల్దేరబోతుంటే ముత్తెన్న వచ్చాడు. రెండు వాల్వు చక్రాలనూ తానే రెండు భుజాలకు తగిలించుకుని, ఊరి మధ్యలోంచి నడిచి వచ్చాడు. పోశెట్టి ముందు దించాడు.

"తీసుకో పోశన్నా. నీళ్లు తాగింది నేను, పేరు నీకు పెట్టిన."

పోశెట్టి చక్రాలు ఎక్కించి, నట్లు బిగించి, ఒక్కోదాన్ని ఒక చుట్టు మూసి మళ్లీ తెరిచాడు. వెనక రాజవ్వ గిన్నె పట్టుకుని నిలబడింది. గిన్నెలో కలిపిన పసుపు. నా వైపు భయంగా చూసింది.

"పెద్దమ్మా, గీడ పుయ్యొచ్చా?"

చక్రం చూశాను. పైపుకు దూరం, సెన్సారుకు ఇంకా దూరం. వెయ్యీ ఆరు వందల ఎనభై మిల్లీమీటర్లు.

"అక్కడ ఎంతైనా పుయ్యి," అన్నాను.